ఈస్టర్ తేదీ తేలితే సంఘం క్యాలెండర్ తేలినట్టే

విశాఖలో క్రైస్తవ సంఘం (చర్చి) క్యాలెండర్ అచ్చుకిచ్చేవాళ్లు ముందు ఈస్టర్ తేదీ తేల్చుకోవాలి. క్రిస్మస్, రాస్ హిల్ మీది మరియమాత పండుగ (డిసెంబర్ 8) ఏటా అదే తేదీకి వస్తాయి, వాటితో పేచీ లేదు. శ్రమల కాలం (ఈస్టర్‌కి ముందు ఉపవాస దినాలు) నుంచి పెంతెకోస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ) దాకా అన్నీ ఈస్టర్ తేదీని బట్టి ముందుకో వెనక్కో జరుగుతాయి.

సంఘాలన్నీ ఈస్టర్‌ను ఒకే రోజు చేసుకోవాలని 325లో నైసియాలో కూడిన బిషప్‌ల సభ తీర్మానించింది. తర్వాత స్థిరపడిన నియమం ఇది: మార్చి 21న గానీ ఆపైన గానీ వచ్చే పౌర్ణమి దాటాక తొలి ఆదివారం. పౌర్ణమే ఆదివారం పడితే మరుసటి ఆదివారం. చాలామంది పంచాంగంలో పౌర్ణమి చూసి ఇక్కడే పొరబడతారు. 2019లో మార్చి 21న పౌర్ణమి, హోలీ కూడా అప్పుడే. ఈస్టర్ మాత్రం ఏప్రిల్ 21న వచ్చింది. చర్చి లెక్కలోని పౌర్ణమి 19 ఏళ్ల చక్రంతో కట్టిన పట్టికలోది, ఆకాశంలోది కాదు.

అందుకే లెక్క వేసుకోవడమే మేలు. ఉదాహరణకు 2027ని 19తో భాగిస్తే శేషం 13, 4తో అయితే 3, 7తో అయితే 4. మొదటి శేషాన్ని 19తో గుణించి 24 కలపండి: 271. దాన్ని 30తో భాగిస్తే మిగిలేది 1. ఇప్పుడు రెండో శేషానికి రెండింతలు, మూడోదానికి నాలుగింతలు, ఇప్పుడొచ్చిన 1కి ఆరింతలు, పైన 5 కలిపితే 33; 7తో భాగిస్తే మిగిలేది 5. మార్చి 22కి 1, 5 కలిపితే మార్చి 28. ఈ పద్ధతి 1900 నుంచి 2099 వరకు పనిచేస్తుంది. ఇకపై 2049, 2076లో మాత్రం వచ్చిన తేదీకి వారం ముందు తీసుకోవాలి.

ఈస్టర్ నుంచి 46 రోజులు వెనక్కి వెళ్తే భస్మ బుధవారం (నుదుట బూడిద పెట్టుకుని శ్రమల కాలం మొదలుపెట్టే రోజు), ఫిబ్రవరి 10. ఉపవాసం 40 రోజులే అయినా మధ్యలోని 6 ఆదివారాలు అందులో చేరవు. 40 మాత్రమే లెక్కిస్తే మంగళవారం తగులుతుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. ఈస్టర్ నుంచి ముందుకు 39 రోజులకు ఆరోహణ పండుగ (యేసు పరలోకానికి వెళ్లిన రోజు), మే 6. ఈస్టరే మొదటి రోజు కాబట్టి 40 కలపకూడదు. 49 రోజులకు పెంతెకోస్తు, మే 16.

ఈస్టర్‌కి ముందు ఆదివారం, అంటే మట్టలు పట్టుకునే మట్టల ఆదివారం, మార్చి 21. ఆ మట్టల్లో కొన్ని మరుసటి ఏడాది భస్మం కోసం దాచేవాళ్లు ప్లాస్టిక్ కవర్లో కట్టొద్దు, మన సముద్రపు తేమకి బూజు పడతాయి. కాల్చాక పలుచని గుడ్డతో జల్లించండి. బూడిదలో నీళ్లు కలిపితే క్షారమై నుదురు మండుతుంది; పొడిగానే పెట్టండి, లేదా ఒక చుక్క నూనె కలపండి.

ఆగమనకాలం (క్రిస్మస్‌కి సిద్ధపడే వారాలు) లెక్క క్రిస్మస్ నుంచి. డిసెంబర్ 25కి ముందు నాలుగో ఆదివారం దాని మొదలు: 2027లో నవంబర్ 28.