తుపానుల కాలంలో కడప నుంచి కువైట్ ప్రయాణం: ముందే చూసుకోవాల్సినవి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కువైట్ బయలుదేరేవాళ్లు విమానం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు విమానాశ్రయం దాకా వెళ్లే దారి చూసుకోవాలి. కడప నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి చెన్నైకో, బెంగళూరుకో, శంషాబాదుకో వెళ్లాల్సిందే. ఊరి నుంచి ఆటో, కడపలో బస్సో రైలో, ఆపైన విమానం, చాలామందికి మధ్యలో ఇంకో దేశంలో విమానం మారడం, చివరికి సేటు (అక్కడి యజమాని) పంపే కారు. ఇన్ని మారే రోజున చిక్కులు ఎక్కువగా వచ్చేది ఒకటి దిగి మరొకటి ఎక్కే చోటే. సమయమూ డబ్బూ అక్కడి కోసం మిగుల్చుకోండి.

2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు విరుచుకుపడినప్పుడు నందలూరు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి, ఆ దారిలో రైళ్లు ఆగిపోయాయి. 2023 డిసెంబరు 4న మిగ్‌జాం తుపాను దెబ్బకు చెన్నై విమానాశ్రయమే మూతపడింది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినగానే ఒక రోజు ముందే చెన్నై చేరి బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో ఉండండి. టికెట్ పోగొట్టుకోవడంతో పోలిస్తే ఆ ఖర్చు ఎంత?

బెంగళూరు వెళ్లేవాళ్లు గువ్వలచెరువు ఘాట్‌ను పగటిపూటే దాటడం మేలు. పాలకోవ కోసం ఎలాగూ ఆగుతారు, అప్పుడు డ్రైవరు కూడా దిగి ముఖం కడుక్కుని టీ తాగేలా చూడండి. సాగనంపడానికి వచ్చినవాళ్లంతా ఏడ్చి అలసి నిద్రపోతారు. డ్రైవరు పక్కన మెలకువగా ఉండే మనిషి ఒకరు తప్పనిసరి.

ఎక్కువమంది తడబడేది తేదీ దగ్గర. టికెట్ మీద 12వ తేదీ 01:30 అని ఉంటే, విమానాశ్రయంలో ఉండాల్సింది 11వ తేదీ రాత్రి పదిన్నరకు, కడపలో కదలాల్సింది 11వ తేదీ ఉదయమే. "పన్నెండో తేదీ కదా" అని ఆ రోజు ఇంట్లో భోజనాలు పెట్టుకునే సమయానికి విమానం కువైట్‌లో దిగి ఉంటుంది. చదువుకున్న పిల్లల చేత తేదీ, వారం, ఇల్లు వదిలే గంట పెద్ద అక్షరాలతో రాయించి గోడకు అంటించండి.

సామాను విషయంలో మొహమాటం పనికిరాదు. గసగసాలు యూఏఈ, సౌదీల్లో నిషిద్ధం. షార్జాలోనో దుబాయ్‌లోనో విమానం మారేవాళ్ల సంచిలో అవి ఉండనే కూడదు, నేరుగా కువైట్ వెళ్లేవాళ్లూ వదిలేయడమే మంచిది. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిపారేమో అమ్మను అడగండి. ఎండు కొబ్బరిలోని నూనెకు నిప్పు అంటుకునే గుణం ఉందని 2022 నుంచి మన విమానాశ్రయాల్లో లగేజీలో వేయనివ్వడం లేదు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. కారప్పొడి, ఊరగాయ చేతి సంచిలో పెట్టకండి. నొప్పికి, దగ్గుకు వాడే కొన్ని మందులు కువైట్‌లో మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి, ట్రమడాల్, కోడీన్ అలాంటివే. ఏ మందు తీసుకెళ్లినా డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి.

వీటన్నిటికంటే ప్రమాదం పక్కింటివాళ్ల పొట్లం. "మా చెల్లెలికి ఇవ్వక్కా, ఊరగాయే" అంటారు. మీ ఎదుటే విప్పించి, సీసా అడుగు దాకా చూసి, మీ చేత్తో మళ్లీ కట్టుకోండి. విప్పడానికి ఒప్పుకోకపోతే, ఇచ్చేది మేనమామైనా సరే తీసుకోవద్దు. అందులో గంజాయి దొరికితే జైలుకు వెళ్లేది మోసినవాళ్లే.

పదో తరగతి పాసుకాని వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) కింద ఉంటుంది. అలాంటివాళ్లు కువైట్‌కు పనికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్ ద్వారా ఆ అనుమతి తీసుకోవాలి, ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. "ముందు విజిట్ వీసా మీద ఇంకో దేశంలో దిగు, అక్కడ మారుస్తాం" అనే ఏజెంటు మాట విని బయలుదేరకండి. దారి మధ్యలో చిక్కుకుంటే పలికేవాళ్లు ఉండరు. అనుమానం ఉంటే విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం 1800113090కు ఫోన్ చేసి కనుక్కోండి.

చెన్నై కౌంటరులో లగేజీకి కట్టే చీటీని ఒకసారి చూడండి. చివరి ఊరి గుర్తుగా కె, డబ్ల్యు, ఐ అక్షరాలు ఉంటే పెట్టె నేరుగా కువైట్ చేరుతుంది. మధ్యలో ఆగే ఊరి గుర్తే ఉంటే, పెట్టె అక్కడ దింపుకోవాలా అని అప్పుడే అడగండి. రెండో విమానం బోర్డింగ్ పాసు కూడా ఇక్కడే ఇమ్మని అడిగి తీసుకోండి.

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఎదురుచూసేవాళ్లకు అక్కడి సమయమే చెప్పండి, టెర్మినల్ కూడా చెప్పండి. జజీరా విమానాలు 5వ టెర్మినల్‌కు, కువైట్ ఎయిర్‌వేస్ 4వ టెర్మినల్‌కు వస్తాయి. సేటు ఒకచోట, మీరు ఒకచోట నిలబడితే రాత్రంతా గడిచిపోతుంది. మన సిమ్ అక్కడ పని చేయకపోవచ్చు, కాబట్టి 965తో మొదలయ్యే సేటు నంబరు, అక్కడున్న మన ఊరివాళ్ల నంబరు, భారత రాయబార కార్యాలయం నంబరు కాగితం మీద రాసి పాస్‌పోర్టు కవరులో పెట్టుకోండి. కారు రాకపోతే విమానాశ్రయం లోపలే కూర్చోండి. తెలుగులో పలకరించినంత మాత్రాన ఎవరి బండీ ఎక్కకండి. యూనిఫాంలో ఉన్న సిబ్బందికి ఆ కాగితం చూపించి ఫోన్ చేయించుకోండి.