కత్తిరి ఎండల్లో చెత్త బండి డ్యూటీ: చెన్నైలో మనవాళ్లకు జాగ్రత్తలు

మే మొదటి వారంలో అగ్ని నక్షత్రం, అంటే ఎండలు మండిపోయే ఈ కత్తిరి రోజులు, మొదలు. ఇప్పుడే చూసుకోండి.

- తోటి మనిషి తికమకగా మాట్లాడితే అలసట అనుకోకండి, వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే నీళ్లు తాగించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

- చెత్తలో సూది గుచ్చుకుంటే వేలు పిండకండి. సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలవ్వాలి.

- బాత్రూమ్ దొరకదని ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు, మూత్రంలో మంట అక్కడే మొదలు. దారిలో టాయిలెట్ ఎక్కడుందో ముందే చూసుకోండి. మా అక్కైతే మజ్జిగ సీసా బండి హ్యాండిల్‌కే కట్టుకుంటుంది.

- తడి చెత్త డబ్బా ఇద్దరు ఎత్తండి. నడుం పట్టేస్తే వారం కూలి పోతుంది.