స్నేహితుడి పాత ల్యాప్‌టాప్ కొనే ముందు

స్నేహితుడు తన పాత ల్యాప్‌టాప్‌ను అమ్ముతానన్నప్పుడు బ్యాటరీ గురించి గుచ్చి గుచ్చి అడగడానికి మొహమాటం అడ్డు వస్తుంది. అడిగినా "బాగానే వస్తుంది" అన్న జవాబుతో ధర తేలదు. విండోస్ ఉన్న యంత్రమైతే ఆ సంగతిని అదే చెబుతుంది. స్టార్ట్ మెనూ నుంచి కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి, ఆంగ్ల అక్షరాలలో పవర్‌సీఎఫ్‌జీ అని కలిపి రాసి, ఒక ఖాళీ విడిచి, ముందుకు వాలిన స్లాష్ గీత పెట్టి, దాని వెంటే బ్యాటరీరిపోర్ట్ అని ఒకే పదంగా కొట్టి ఎంటర్ నొక్కితే, నివేదిక ఏ ఫోల్డర్‌లో చేరిందో తెరపై కనిపిస్తుంది. దానిని బ్రౌజర్‌లో తెరిచి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీని (ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే బ్యాటరీలో పట్టేది) డిజైన్ కెపాసిటీతో (కొత్తలో పట్టాల్సినది) భాగించి 100తో గుణించాలి. ఉదాహరణకు 50,000కు 31,000 మిగిలి ఉంటే అది 62 శాతం.

నా లెక్కలో 80 దాటితే పరవాలేదు. 60 దగ్గరికి దిగిందంటే, ఆ మోడల్‌కు కొత్త బ్యాటరీ ఎంతవుతుందో కనుక్కొని, అడిగిన ధరలో అంత తగ్గించమనడం న్యాయమే. అంకె ఇద్దరి ఎదుటా ఉంటుంది కనుక స్నేహితుడూ నొచ్చుకోడు. విండోస్ 10కి సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్‌లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, ఆ యంత్రం విండోస్ 11కు పనికివస్తుందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

అయితే బ్యాటరీని ఈమధ్యే మార్చి ఉంటే ఈ శాతం యంత్రం వయసు గురించి ఏమీ చెప్పదు. లోపలి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం, నివేదికలో ఏ అంకె ఉన్నా, బ్యాటరీ మార్చేవరకు దానిని ఛార్జింగ్‌కు పెట్టకూడదు.