నీటి అడుగున ఫోటోలు తీయడం ఎలా? తెల్ల చుక్కలు పడకుండా, రంగులు పోకుండా

కెమెరా పట్టుకుని కొత్తగా నీళ్లలోకి దిగిన డైవర్ల ఫోటోలు చూస్తే రెండే లోపాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి, ఫోటో మొత్తం నీలంగానో ఆకుపచ్చగానో ఉంటుంది. రెండోది, సున్నం చిలకరించినట్టు ఫ్రేమ్ నిండా తెల్ల చుక్కలు. కెమెరా మంచిది కాదనుకుని ఇంకా ఖరీదైనది కొంటారు, దాంతోనూ అవే ఫోటోలు తీస్తారు. తప్పు కెమెరాది కాదు. వస్తువుకు తగినంత దగ్గరగా వెళ్లడం లేదు, వెలుగును ఎటు తిప్పాలో తెలియడం లేదు. ఈ రెండూ పట్టుబడితే చిన్న కాంపాక్ట్ కెమెరా కూడా చాలు.

ముందు బాయెన్సీ, తర్వాత కెమెరా

పైకి తేలిపోకుండా, కిందికి దిగిపోకుండా ఉన్నచోటే నిలబడగలగాలి. దీనికో పరీక్ష ఉంది. ఇసుకకు మీటరు ఎత్తులో చేతులు కట్టుకుని, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) కదపకుండా ఒక నిమిషం ఉండండి. ఊపిరి పీల్చినప్పుడు కాస్త లేచి, వదిలినప్పుడు కాస్త దిగడం తప్ప ఇంకే కదలికా ఉండకూడదు. అది వచ్చేదాకా కెమెరా ముట్టుకోవద్దు. కనీసం 30 డైవ్‌లు పూర్తి కానిదే కెమెరా వద్దు. చేతిలో కెమెరా ఉన్నప్పుడు లోతు, గాలి, తోటి డైవర్ మీద ధ్యాస సగానికి పడిపోతుంది. ఆ మిగిలిన సగంతోనే క్షేమంగా డైవ్ చేయగలిగేంత అలవాటు ముందే ఉండాలి.

కప్పలా కాళ్లను పక్కలకు విప్పి వెనక్కి నెట్టే ఫ్రాగ్ కిక్ నేర్చుకోండి. కాళ్లు పైకీ కిందికీ కొడితే ఇసుక లేస్తుంది, ఆ ఇసుకే మీ ఫోటోలో చుక్కలవుతుంది. వెనక్కి ఈదే బ్యాక్ కిక్ కూడా రావాలి. పగడం దగ్గరికి వెళ్లడం ఎవరికైనా వస్తుంది. చేత్తో దాన్ని నెట్టకుండా వెనక్కి రావడమే చాలామందికి రాదు. పగడం బతికున్న జీవి, అది పట్టుకునే ఆసరా కాదు.

కెమెరా కదలకూడదని ఊపిరి బిగబట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఊపిరితిత్తుల నిండా గాలి ఉండగా బిగబట్టి ఒకటి రెండు మీటర్లు పైకి లేచినా లోపల గాయం కావచ్చు. శ్వాసను నెమ్మదిగా వదులుతూ షటర్ నొక్కండి. చేపలు కూడా అంతగా బెదరవు. ఒక్కో సబ్జెక్టు పూర్తయ్యాక గేజ్, డైవ్ కంప్యూటర్ చూసుకున్నాకే ఇంకోదాని వైపు కదలండి.

పరికరాలు

మాన్యువల్ మోడ్, రా ఫార్మాట్ (సెన్సర్ పట్టిన సమాచారాన్ని మార్చకుండా దాచే ఫైల్) ఉన్న కాంపాక్ట్ కెమెరా. దానికి సరిపోయే హౌసింగ్, అంటే నీళ్లు చొరబడని పెట్టె. హౌసింగ్‌ను బిగించే ట్రే, దాని మీద ఒక ఆర్మ్, ఆ ఆర్మ్ చివర ఒక స్ట్రోబ్ (నీళ్లలో వాడే బయటి ఫ్లాష్). కెమెరాను ఒంటికి తగిలించుకునే తాడు, లాన్యార్డ్. హౌసింగ్ తయారీదారు ఇచ్చిన గ్రీజు, అదనపు ఓ-రింగ్ (మూత సందులో నీళ్లు ఆపే రబ్బరు రింగు), సిలికా జెల్ పొట్లం. మొదలుపెట్టడానికి ఇవి చాలు. డబ్బు మిగిలితే పెద్ద కెమెరా కాదు, రెండో స్ట్రోబ్ కొనండి. హౌసింగ్ లేకుండానే 10, 15 మీటర్ల వరకు తట్టుకుంటాయని చెప్పే కెమెరాలు ఈతకు సరిపోతాయి. స్కూబాకు మాత్రం వాటికీ హౌసింగ్ ఉండాల్సిందే.

హౌసింగ్ మూయడం

పడవ మీద, అలల ఊపులో, తడి చేతులతో హౌసింగ్ మూయకండి. ముందు రోజు రాత్రే పొడి గదిలో, మంచి వెలుగులో, చేతులు కడిగి తుడుచుకుని మూయండి. తేమగాలి లోపల చిక్కుకుంటే చల్లటి నీళ్లలోకి దిగగానే పోర్ట్ (హౌసింగ్‌లో లెన్సు ముందుండే అద్దం) లోపలివైపు ఆవిరి పడుతుంది. సిలికా జెల్ అందుకే.

ఓ-రింగ్‌ను ప్లాస్టిక్ కార్డు అంచుతో పైకి లేపండి. పిన్ను, కత్తి లాంటివి వద్దు. రింగును రెండు వేళ్ల మధ్య మొత్తం జారనిస్తే చిన్న ఇసుక రేణువు ఉన్నా వేలికి తగులుతుంది. గాడిని నూగు రాలని గుడ్డతో తుడవండి. రింగు మొత్తానికి బియ్యపు గింజంత గ్రీజు చాలు. రింగు మెరవాలి గానీ దాని మీద ముద్దలు కనపడకూడదు. గ్రీజు నీటిని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నీటిని ఆపేది రింగే. గ్రీజు పని రింగు మెలిపడకుండా, గాడిలో సరిగ్గా సర్దుకునేలా చూడటం. ఎక్కువ పూస్తే అదే వెంట్రుకలనూ దుమ్మునూ పట్టి తెస్తుంది, ఒక్క వెంట్రుక అడ్డం పడినా నీళ్లు లోపలికొస్తాయి.

మూశాక మంచినీళ్ల తొట్టిలో రెండు నిమిషాలు ముంచి చూడండి. బటన్ల కింద చిక్కిన గాలి ఒకటి రెండు బుడగలుగా వచ్చి ఆగిపోతుంది, దానికి భయపడక్కర్లేదు. ఒకేచోటు నుంచి వరసగా వస్తుంటే మాత్రం డైవ్‌కు తీసుకెళ్లకండి. కొత్త హౌసింగ్‌ను తొలిసారి కెమెరా లేకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి దింపండి.

కెమెరాతో నీళ్లలోకి దూకకండి. మీరు దిగాక పడవలోంచి అందించమనండి. లీకులు చాలావరకు పైపైనే బయటపడతాయి, లోతుకు వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి మూతను ఇంకా బిగిస్తుంది. కాబట్టి మొదటి రెండు మీటర్లలో ఆగి హౌసింగ్ లోపలికి ఒకసారి చూడండి. నీళ్లు కనిపిస్తే ఆఫ్ చేసి, నీళ్లు కెమెరాకు తగలకుండా ఒక మూలకు చేరేలా పట్టుకుని, మామూలు వేగంతోనే పైకి రండి. కెమెరా కోసం తొందరపడి పైకి రావద్దు.

సెట్టింగులు

మాన్యువల్ మోడ్, రా ఫార్మాట్. చిన్న జీవులకైతే షటర్ 1/200, ఐఎస్‌ఓ 100, అపెర్చర్ కాంపాక్ట్‌లో ఎఫ్/8, పెద్ద సెన్సర్ ఉంటే ఎఫ్/16. విశాల దృశ్యాలకు 1/125, ఎఫ్/8, ఐఎస్‌ఓ 200తో మొదలుపెట్టండి. వెనకాల నీళ్ల రంగును షటర్‌తో, ముందున్న వస్తువు వెలుగును స్ట్రోబ్ పవర్‌తో మార్చుకోవాలి. నీళ్లు మరీ తెల్లబారితే షటర్ వేగం పెంచండి, నల్లబడితే తగ్గించండి. ఫ్లాష్‌తో కలిసి పనిచేసే షటర్ వేగానికి చాలా కెమెరాల్లో 1/160 నుంచి 1/250 దాకా పరిమితి ఉంటుంది, దాన్ని దాటితే ఫ్రేమ్‌లో నల్ల పట్టీ పడుతుంది.

ఫోటో బాగా వచ్చిందో లేదో స్క్రీన్ వెలుగు చూసి తేల్చుకోకండి. లోతులో చుట్టూ చీకటిగా ఉంటుంది కాబట్టి స్క్రీన్ మీద ప్రతి ఫోటో కాంతిగానే కనిపిస్తుంది, పైకి వచ్చాక చూస్తే నల్లగా ఉంటుంది. ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, హిస్టోగ్రామ్ చూడండి.

అసలు కష్టమంతా వెలుగుతోనే

నీళ్లు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తాయి. 5 మీటర్ల లోతుకే అది చాలావరకు పోతుంది. ఆ తర్వాత నారింజ, ఇంకా కిందికి వెళ్తే పసుపు. లెక్కలోకి వచ్చేది లోతు ఒక్కటే కాదు, వస్తువుకూ కెమెరాకూ మధ్య ఉన్న నీళ్లు కూడా. 3 మీటర్ల లోతులో, 3 మీటర్ల దూరంలో ఉన్న చేపను తీస్తే వెలుగు మొత్తం 6 మీటర్ల నీళ్లు దాటి వచ్చిందన్నమాట. 1926లో ఫ్లోరిడా దగ్గర డ్రై టోర్టుగాస్ నీళ్లలో విలియం లాంగ్లీ, చార్లెస్ మార్టిన్ నీటి అడుగున తొలి రంగుల ఫోటోలు తీసినప్పుడు నీటిపైన తెప్ప మీద మెగ్నీషియం పొడిని వెలిగించి ఆ వెలుగులో తీశారు. రంగు కావాలంటే వెలుగును వెంట తీసుకెళ్లక తప్పదు. ఇప్పుడు ఆ పని స్ట్రోబ్ చేస్తుంది.

ఆ స్ట్రోబే సరిగ్గా పెట్టకపోతే తెల్ల చుక్కలు తెస్తుంది. పొగమంచులో హెడ్‌లైట్లు ఎత్తి వేస్తే రోడ్డు కనపడదు, ఎదురుగా తెల్ల గోడ లేచినట్టుంటుంది. ఇక్కడ జరిగేదీ అదే. ఎంత తేటగా కనిపించే నీళ్లలోనైనా రేణువులుంటాయి. లెన్సుకూ వస్తువుకూ మధ్య ఉన్న రేణువుల మీద వెలుగు పడితే అవి మెరిసి చుక్కలవుతాయి. కాబట్టి సూత్రం ఒక్కటే: వస్తువు మీద వెలుగు పడాలి, దాని ముందున్న నీళ్ల మీద పడకూడదు.

సూత్రం తెలిసినవాళ్లు కూడా ఎక్కడ పొరపాటు పడతారో చెబుతాను. నీటికీ గాలికీ మధ్య వక్రీభవనం వల్ల మాస్కులోంచి చూస్తే ప్రతిదీ ఉన్నదానికంటే పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. మీటరు దూరంలో ఉన్న స్పాంజి 75 సెంటీమీటర్లలోనే ఉన్నట్టుంటుంది. మీరు స్ట్రోబ్‌లను కంటికి కనిపించే ఆ స్పాంజికి గురిపెడతారు. రెండు కాంతి పుంజాలూ అసలు స్పాంజికి పావు మీటరు ముందే, ఖాళీ నీళ్లలో కలుసుకుంటాయి. అక్కడున్న రేణువులన్నీ ధగధగా మెరుస్తాయి, స్పాంజి మాత్రం మసకగా ఉంటుంది. ఫోటో చూసి వెలుగు చాలలేదనుకుని పవర్ పెంచుతారు, చుక్కలు రెట్టింపవుతాయి. అందుకే స్ట్రోబ్‌ను వస్తువుకు గురిపెట్టకండి. వస్తువు వెనక్కి గురిపెట్టండి.

స్ట్రోబ్ వెలుగు శంకువులా విచ్చుకుంటూ పోతుంది. మధ్యలో ఉండే గట్టి వెలుగు మనకు అక్కర్లేదు, ఆ శంకువు అంచు వస్తువును తాకితే చాలు. చేయాల్సింది ఇది:

1. రెండు స్ట్రోబ్‌లనూ హ్యాండిళ్లకు ఇరుపక్కలా, పోర్ట్ ముందు అంచుకంటే వెనకగా పెట్టండి. పోర్ట్‌ను దాటి ముందుకొస్తే వెలుగు నేరుగా లెన్సులో పడుతుంది.
2. మీటరు దూరంలోని వస్తువుకు ఒక్కో స్ట్రోబ్ పోర్ట్ నుంచి 60, 70 సెంటీమీటర్లు పక్కకు ఉండాలి. జానెడు దూరంలో ఉండే చిన్న జీవికి పోర్ట్‌కు 10, 15 సెంటీమీటర్ల దగ్గరికి లాగండి. వస్తువు దూరమయ్యేకొద్దీ స్ట్రోబ్‌లు ఎడంగా జరగాలి.
3. రెండిటినీ తిన్నగా ముందుకు చూసేలా తిప్పి, పవర్ నాలుగో వంతు పెట్టి ఒక ఫోటో తీయండి.
4. చుక్కలు కనిపిస్తే రెండిటినీ కొద్దిగా బయటికి తిప్పండి. మళ్లీ తీయండి. వస్తువు మధ్యలో చీకటి పట్టీ పడేదాకా ఇలాగే తిప్పుతూ పోండి. ఆ పట్టీ పడగానే ఒక్క పిసరు లోపలికి తెండి. అదే సరైన చోటు.
5. ఇప్పుడు పవర్ సరిచేసుకోండి. దిశ కుదరకముందు పవర్ ముట్టుకోవద్దు.

ఇదంతా కదలని రాయి మీదో స్పాంజి మీదో ఒక డైవ్ మొత్తం సాధన చేయండి. చేపలు కనిపించినా వాటి జోలికి పోకండి. ఒకే రాయిని 40 సార్లు తీసినవాళ్లకు ఒక్క డైవ్‌లో వచ్చే పట్టు, 40 చేపల వెంట పడినవాళ్లకు ఏడాదైనా రాదు.

ఒకే స్ట్రోబ్ ఉంటే దాన్ని పోర్ట్‌కు పైన, కాస్త ఎడమవైపు పెట్టండి. ఎండ పైనుంచే పడుతుంది కాబట్టి నీడ కిందికి పడితే కంటికి సహజంగా అనిపిస్తుంది. కెమెరా సొంత ఫ్లాష్ వెలుగు బయటికి రానివ్వకండి. అది లెన్సు పక్కనే ఉంటుంది, చుక్కలు పుట్టించడానికి అంతకంటే అనువైన చోటు లేదు. హౌసింగ్‌తో వచ్చే నల్ల మూతతో దాన్ని మూసి, ఫైబర్ ఆప్టిక్ కేబుల్ ద్వారా స్ట్రోబ్‌ను పేల్చడానికి మాత్రమే వాడండి. ఆ ఫ్లాష్ పవర్ అన్నిటికంటే తక్కువలో పెడితే త్వరగా మళ్లీ సిద్ధమవుతుంది.

స్ట్రోబ్ పవర్‌ను కెమెరాకే వదిలేసే ఆటో పద్ధతి, టీటీఎల్ వద్దు. అది ఒక్కో ఫోటోకు ఒక్కో పవర్ ఎంచుకుంటుంది, దాంతో ఏది ఎందుకు బాగుందో, ఏది ఎందుకు చెడిందో మీకు అర్థం కాదు. మాన్యువల్‌లో మూడు ఫోటోలు పాడైతే నాలుగోది మీ చేతిలో ఉంటుంది.

బారెడు దూరం దాటాక స్ట్రోబ్ పనికిరాదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, అందులోంచి నీళ్లు మింగేది వేరే. 3 మీటర్ల అవతలి తాబేలు మీద స్ట్రోబ్ వేస్తే తాబేలుకు రంగు రాదు, మధ్యలో చుక్కలే వస్తాయి. అలాంటప్పుడు స్ట్రోబ్ ఆపేసి, వైట్ బ్యాలెన్స్‌ను ఆ లోతులోనే బూడిదరంగు పలక చూపించి సెట్ చేసుకుని, ఎండ వీపు వైపు ఉండేలా తీయండి. ఐదారు మీటర్ల లోతు మారినప్పుడల్లా మళ్లీ సెట్ చేయాలి. ఎర్ర ఫిల్టర్ పెట్టి ఉంటే స్ట్రోబ్ వేయకండి, ముందున్నదంతా ఎర్రబడిపోతుంది.

స్ట్రోబ్ బదులు వీడియో లైట్ సరిపోతుందని చాలామంది సలహా ఇస్తారు. ఎంత పెద్ద వీడియో లైటైనా స్ట్రోబ్ ఆ ఒక్క క్షణంలో ఇచ్చే వెలుగుకు దరిదాపుల్లోకి రాదు, కదిలే చేపను స్థిరంగా పట్టలేదు. వీడియోకు అది సరే, ఫోటోకు కాదు. చుక్కలను తర్వాత కంప్యూటర్‌లో చెరిపేద్దామనే ఆలోచన కూడా వద్దు. ఖాళీ నీళ్ల మీదివి చెరపొచ్చు. చేప పొలుసుల మీద పడినవి చెరిపితే పొలుసులే పోతాయి.

సబ్జెక్టు దగ్గరికి వెళ్లడం

ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడండి. మీ ఫిన్స్ లేపిన ఇసుక వెనక్కి కొట్టుకుపోతుంది. పైనుంచి కిందికి తీయకండి, ఇసుక నేపథ్యంలో చేప కలిసిపోతుంది. దాని కంటి ఎత్తుకు దిగి, వీలైతే ఇంకా కిందనుంచి పైకి తీస్తే వెనకాల నీలం నీళ్లు వస్తాయి. ఫోకస్ కంటి మీదే ఉండాలి. మూరెడు దూరంలోకి వచ్చామనిపించాక ఇంకో అడుగు దగ్గరికి జరగండి. జరిగేది నెమ్మదిగా, పక్కనుంచి. వెంటపడితే తోక తప్ప ఏమీ దొరకదు. న్యూడిబ్రాంక్‌లు (పెంకు లేని సముద్రపు నత్తలు) నెమ్మదిగా పాకుతాయి కాబట్టి నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి సబ్జెక్టు లేదు. ఏ జీవినీ ఫోటో కోసం చేత్తో కదపకండి. అది దాక్కుంటే వదిలేసి ముందుకు వెళ్లండి.

పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్‌లో కెమెరా లాన్యార్డ్‌కు తగిలించేసి చేతులు ఖాళీగా ఉంచుకోండి.

పైకి వచ్చాక

ఉప్పు ఎండకముందే హౌసింగ్‌ను మంచినీళ్లలో అరగంట నానబెట్టి, నీళ్లలోనే ప్రతి బటన్‌నూ పదేసి సార్లు నొక్కండి. పదిమంది కెమెరాలు ఒకదాని మీద ఒకటి పడే తొట్టిలో వదిలి వెళ్లకండి, డోమ్ (ఉబ్బెత్తుగా ఉండే పోర్ట్) మీద గీతలు పడతాయి. తెరిచేముందు మీ జుట్టు, చేతులు, హౌసింగ్ మూడూ తుడవండి. మూత అంచులో నిలిచిన చుక్కలు కెమెరా మీద పడకుండా హౌసింగ్‌ను కిందికి వంచి పట్టుకుని తెరవండి.