స్విచ్ నుంచి స్విచ్ 2కి మారేముందు బ్యాటరీ, గేములు ఎలా సరిచూసుకోవాలి?

కొత్త మోడల్ కాబట్టి ఛార్జింగ్ ఎక్కువసేపు వస్తుందనుకుంటాం. చేతిలో పట్టుకునీ, టీవీకి కలిపీ ఆడే గేమ్ కన్సోల్ నింటెండో స్విచ్ విషయంలో ఆ లెక్క కుదరదు. 2017లో వచ్చిన మొదటి స్విచ్‌కు కంపెనీ చెప్పిన సమయం 2.5 నుంచి 6.5 గంటలు. 2019లో బ్యాటరీ అదే 4310 ఎంఏహెచ్ ఉంచి, తక్కువ కరెంటు వాడే చిప్ పెట్టారు. దాంతో అది 4.5 నుంచి 9 గంటలకు పెరిగింది. 2021 ఓఎల్ఈడీ మోడల్‌దీ అంతే. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో 5220 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నా, వచ్చేది 2 నుంచి 6.5 గంటలే. పెద్ద తెర, జోరుగా పనిచేసే చిప్ కలిసి ఆ అదనాన్ని మింగేస్తాయి. కాబట్టి ఛార్జింగ్ నిలవట్లేదన్న ఒక్క కారణంతో స్విచ్ 2 కొనడం దండగ.

1. ముందు మీ దగ్గరున్నది ఏ మోడలో చూడండి. వెనకవైపు హెచ్ఏసీ-001 అని మాత్రమే ఉంటే 2017 నాటిది. దాని పక్కన బ్రాకెట్లో -01 కూడా ఉంటే 2019 తర్వాతిది.

2. బ్యాటరీని పరీక్షించండి. ఫుల్ ఛార్జ్ చేసి, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, మీరు రోజూ ఆడే గేమే ఆడండి. హోమ్ స్క్రీన్‌లో జెడ్ఎల్, జెడ్ఆర్ బటన్లు రెండూ నొక్కితే ఎంత శాతం మిగిలిందో కనిపిస్తుంది. గంటకోసారి రాసుకోండి. సుమారు 800 సార్లు ఛార్జ్ చేశాక బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి దిగుతుందని నింటెండోనే చెబుతోంది. అంతకంటే బాగా పడిపోయిందనిపిస్తే బ్యాటరీ మార్పించుకోండి, కొత్త కన్సోల్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. అయితే ఇది ఇంట్లో చేసే పని కాదు. లోపల బ్యాటరీ జిగురుతో అంటించి ఉంటుంది, బయటి స్క్రూలకు మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం పరీక్షలు, లెక్కలు ఏమీ వద్దు. వెంటనే ఛార్జర్ తీసేసి రిపేర్ షాపుకు తీసుకెళ్లండి.

3. మీ గేముల జాబితా రాయండి. అసలు నిర్ణయం ఇక్కడే తేలుతుందని నా అభిప్రాయం. పాత స్విచ్ గేమ్ కార్డులు స్విచ్ 2లో పెట్టి ఆడొచ్చు. డౌన్‌లోడ్ గేములు అకౌంట్‌తో పాటే వస్తాయి. చాలావరకు నడుస్తాయి, అన్నీ కాదు. ‘రింగ్ ఫిట్ అడ్వెంచర్’ లాంటివి ఆడాలంటే పాత జాయ్-కాన్‌లు (కన్సోల్‌కు రెండు పక్కలా తగిలించే కంట్రోలర్లు) దాచుకోవాలి, కొత్తవి ఆ గేమ్‌తో వచ్చే రింగ్‌కు బిగవవు. మీకు ఇష్టమైన ప్రతి గేమునూ నింటెండో సైట్‌లోని కంపాటిబిలిటీ జాబితాలో వెతకండి.

4. మెమరీ కార్డు ఖర్చు కలుపుకోండి. పాత మైక్రోఎస్‌డీ కార్డు నుంచి ఫొటోలు, వీడియోలు తెచ్చుకోవచ్చు కానీ, గేములు నడవవు. మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ రకమే కావాలి, అది ఖరీదైనది. స్విచ్ 2 లోపలే 256 జీబీ స్టోరేజ్ ఉంటుంది కాబట్టి కార్డు తొందరేం లేదు. ఇంకో సంగతి, కొత్త గేముల్లో ‘గేమ్-కీ కార్డ్’ అని ఉన్నవాటిలో గేమ్ ఉండదు, నెట్ నుంచి దించుకోవాలి.

5. ఎక్కడ కొంటున్నారో చూసుకోండి. మన దేశంలో స్విచ్ 2కి అధికారిక అమ్మకాలు లేవు, షాపుల్లో దొరికేది దిగుమతి సరుకే. జపాన్‌లో ఉన్న అన్నయ్యతోనో మేనమామతోనో తెప్పించుకుంటే, అక్కడి చౌక మోడల్ వద్దని ముందే చెప్పండి. అందులో మెనూలు జపనీస్‌లోనే ఉంటాయి, జపాన్ అకౌంట్లు మాత్రమే కలుస్తాయి.

6. మొదటి సెటప్‌లోనే డేటా మార్చేయండి. తర్వాత చూద్దాంలే అని ఆ స్క్రీన్ దాటేయకండి. రెండు కన్సోళ్లూ పక్కపక్కన పెట్టి మార్చుకునే పద్ధతే మేలు. సర్వర్ ద్వారా పంపే పద్ధతి ఎంచుకుంటే పాత కన్సోల్‌లోని డేటా తుడిచేస్తుంది. గేమ్‌లో మీరు ఎక్కడిదాకా వచ్చారో ఆ సేవ్ డేటా కార్డులో కాదు, కన్సోల్‌లోనే ఉంటుందని గుర్తుంచుకోండి. అది స్విచ్ 2లో కనిపించి, గేమ్ తెరుచుకునేదాకా పాతదాన్ని అమ్మొద్దు.

7. కొత్తదాని సెట్టింగుల్లో ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంది. ఎప్పుడూ డాక్‌లోనే (టీవీకి కలిపే స్టాండు) ఉంచి టీవీలో ఆడేవాళ్లు దాన్ని ఆన్ చేసుకోవాలి. పాత స్విచ్ ఇంట్లోనే ఉంచుకుంటే, వాడకపోయినా ఆరు నెలలకోసారైనా ఛార్జ్ పెట్టండి. లేకపోతే ఆ బ్యాటరీ ఇక ఛార్జ్ ఎక్కకుండా పోవచ్చు.