గ్రహణాల సీజన్ రాకముందే ముసలి ఉపగ్రహానికి తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గ్రహణం రోజున మా నానమ్మ పట్టుకు ముందే అందరికీ అన్నాలు పెట్టేసేది. పెరుగు గిన్నెలో, ఆవకాయ జాడీ మీద దర్భపోచ వేసి, విడుపు దాకా పొయ్యి వెలిగించేది కాదు. చాలా ఏళ్ల తర్వాత ఉపగ్రహాల కన్సోల్ ముందు కూర్చున్నాక చూస్తే నా ఉద్యోగమూ అదే. పట్టు ఎప్పుడు, విడుపు ఎప్పుడు, ఆ మధ్యలో ఏ పొయ్యి ఆర్పాలి. కాకపోతే నానమ్మకు ఏడాదికి ఒకటో రెండో గ్రహణాలు, మాకు సీజన్లో రోజుకు పదిహేను, ఉపగ్రహం భూమి నీడలోకి వెళ్లిన ప్రతిసారీ ఒకటి.

భూమి వాతావరణాన్ని పరిశీలించే ఉపగ్రహాల్లో చాలావాటిని రెండు మూడేళ్లు పనిచేస్తే చాలనుకుని పంపుతారు. స్వీడన్ వాళ్ల ఓడిన్ అలాంటిదే. 2001 ఫిబ్రవరి 20న రష్యాలోని స్వొబొద్ని నుంచి ఎగిరింది. బరువు 250 కిలోలు, అనుకున్న ఆయుష్షు రెండేళ్లు. ఇరవై ఏళ్లు దాటాక కూడా అది ఓజోన్‌ను కొలుస్తూనే వచ్చింది. పాతదాన్ని వదిలేసి కొత్తది పంపొచ్చు కదా అని అడుగుతారు. ఓజోన్ పొర కోలుకోవడం దశాబ్దాల మీద కనిపించే మార్పు. ఒకే పరికరం ఇరవై ఏళ్లు కొలిచిన లెక్కకు ఉన్న విలువ, నాలుగు పరికరాల లెక్కల్ని అతికిస్తే రాదు. కొత్తది వచ్చినా, రెండూ కొంతకాలం పక్కపక్కన కొలిస్తేనే పాత లెక్కకు కొత్త లెక్క కలుస్తుంది. అందుకే ముసలిదాన్ని ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటూ లాక్కొస్తాం.

లాక్కొచ్చేటప్పుడు భయపెట్టేది గ్రహణాల సీజన్. ఓడిన్ లాంటివి ఎప్పుడూ పొద్దు, మాపు కలిసే గీత మీదే తిరుగుతాయి కాబట్టి ఏడాదిలో తొమ్మిది నెలలు వాటికి రాత్రే ఉండదు. భూమి అక్షం ఒరిగి ఉండటం వల్ల మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మాత్రం ప్రతి చుట్టులోనూ భూమి నీడ తగులుతుంది. మొదట ఒకటి రెండు నిమిషాలు. జూన్‌కల్లా 97 నిమిషాల చుట్టులో ఇరవై నిమిషాల దాకా చీకటే. దానికి తోడు జులై మొదట్లో భూమి సూర్యుడికి దూరంగా, 15.2 కోట్ల కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. జనవరితో పోలిస్తే అప్పుడు ప్యానెళ్ల మీద పడే ఎండ సుమారు ఏడు శాతం తక్కువ. మనకు ఎండాకాలం, దానికి కరువుకాలం.

రెండు నెలల ముందు: బ్యాటరీ

తొమ్మిది నెలలు ఎండలో ఉన్న ఉపగ్రహంలో బ్యాటరీకి పనే ఉండదు. అది విశ్రాంతి అనుకుంటే పొరపాటు. లిథియం బ్యాటరీని నిండా చార్జ్ చేసి నెలల తరబడి అలాగే ఉంచితే లోపల్లోపల పాడవుతుంది. ఎండ నెలల్లో దాన్ని సగానికి కాస్త పైన ఉంచి, సీజన్‌కు ముందు మెల్లగా నింపాలి. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలది ఇంకో గోల. రోజూ కొంచెమే వాడుతూ వస్తే ఆ కొంచెమే ఇవ్వడం అలవాటు చేసుకుంటాయి. వాటిని ఒకసారి బాగా దించి మళ్లీ నింపితే కొంత తేరుకుంటాయి. ఈ పని రెండు బ్యాటరీలు ఉంటేనే, ఒకదాని తర్వాత ఒకటిగా చేయండి. ఉన్నది ఒక్కటే అయితే ఆ సాహసం జోలికి పోవద్దు. ఎక్కువసేపు చార్జింగ్ పెడితే ఎక్కువ నిల్వ ఉంటుందని కూడా అనుకోవద్దు. నిండిన బ్యాటరీలోకి తోసే కరెంటంతా వేడిగా మారుతుంది, వేడెక్కిన బ్యాటరీ చల్లని బ్యాటరీ కంటే ముందు పోతుంది.

సీజన్ మొదలైన రోజు నుంచి ఒక గ్రాఫు ఎప్పుడూ తెరిచి ఉంచండి: నిరుడు ఇదే తేదీన నీడ పట్టిన ఐదో నిమిషంలో, పదో నిమిషంలో, విడుపు క్షణంలో ఓల్టేజి ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది. అలారం లిమిట్ దాటలేదు కదా అని ఊరుకోకండి. ఆ లిమిట్ పెట్టింది కొత్త బ్యాటరీకి. నిరుటి గీత, ఈ ఏటి గీత మొదట్లో కలిసే నడిచి, చివరి నిమిషాల్లో ఈ ఏటిది జారిపోతుంటే ఒక సెల్ చెప్పకుండా కూలబడుతోందని అనుమానించాలి.

ఏది ముందు ఆపాలో ముందే రాసుకోండి

నా మటుకు నాకు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదే. కరెంటు సరిపోనప్పుడు ఏ పరికరం మొదట ఆపాలి, ఏది రెండోది, ఏది ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు అన్న జాబితా ఏప్రిల్‌లోనే తయారు కావాలి. దాని మీద శాస్త్రవేత్తల సంతకాలు ఉండాలి. ఓజోన్ పరికరం వాళ్లు, మేఘాల పరికరం వాళ్లు జూన్‌లో రాత్రి రెండింటికి ఫోన్లో వాదులాడుకుంటుంటే బ్యాటరీ ఆగదు. మనం ఆపకపోతే ఉపగ్రహమే ఆపుకుంటుంది. ఓల్టేజి ఒక హద్దు కిందికి జారగానే లోపలి కంప్యూటర్ లోడ్లన్నీ కట్ చేసి సేఫ్ మోడ్‌లోకి వెళ్తుంది. దానికి ఓజోనూ తెలియదు, మేఘమూ తెలియదు.

క్లౌడ్‌శాట్ కథ వింటే దీని విలువ తెలుస్తుంది. 2006లో ఎగిరిన ఈ నాసా ఉపగ్రహం రాడార్‌తో మేఘాల లోపలి పొరల్ని కొలిచేది. 2011 ఏప్రిల్‌లో దాని బ్యాటరీ దెబ్బతింది. దీనికి సీజన్ అంటూ లేదు, ప్రతి చుట్టులోనూ చీకటే. మామూలుగా అయితే అక్కడితో కథ అయిపోవాలి. వాళ్లు చేసిందేమిటంటే, ప్రతి చుట్టునూ ఒక చిన్న రోజులా మార్చేశారు. నీడ దగ్గర పడుతుండగా రాడార్ ఆపి, ఉపగ్రహాన్ని బొంగరంలా తిప్పి వదిలేస్తారు. తిరుగుతున్న బొంగరం దానంతటదే నిలబడుతుంది, నిలబెట్టడానికి కరెంటు ఖర్చు పెట్టనక్కర్లేదు. చీకట్లో అత్యవసరమైనవి తప్ప అన్నీ నిద్ర. ఎండ తగలగానే ప్యానెళ్లు లేస్తాయి, తిరగడం ఆపుతారు, భూమి వైపు తిప్పుతారు, రాడార్ వెలిగిస్తారు. మళ్లీ నీడ, మళ్లీ బొంగరం. 2011 చివరికల్లా కొలతలు మొదలయ్యాయి. రాత్రి మేఘాలు పోయాయి, పగటి మేఘాలు మిగిలాయి. రాడార్‌ను ఆపింది 2023 డిసెంబర్‌లో. అంటే సగం బతుకుతో ఇంకో పన్నెండేళ్లు నెట్టుకొచ్చారు. సగం వదులుకోవడానికి ఒప్పుకున్నారు కాబట్టే ఆ సగమైనా దక్కింది.

మా సొంత పొరపాటు ఒకటి చెప్తాను. పరికరాన్ని ఆపే కమాండ్లు టైము ప్రకారం ముందే పైకి పంపేస్తాం. ఒకసారి కక్ష్యను కాస్త సర్దాం, ఆ సర్దుబాటుతో పట్టు వేళలు మారాయి. కక్ష్య చూసే వాళ్లు కొత్త పట్టిక పంపారు, కానీ కమాండ్లు రాసే మేము పాత పట్టికతోనే పంపాం. రెండు రోజులకు తేడా నాలుగు నిమిషాలకు చేరింది. నాలుగు నిమిషాలు చీకట్లో పరికరం పూర్తి లోడ్‌తో నడిచింది, ఉపగ్రహం సేఫ్ మోడ్‌లోకి పోయింది, తిరిగి తెచ్చేసరికి మూడు రోజులు. అప్పటి నుంచి మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కమాండ్ ఫైలు పంపే ముందు ఇద్దరిలో ఒకరు పట్టు వేళ పైకి చదువుతారు, రెండోవారు కక్ష్య పట్టికలో వేలు పెట్టి చూస్తారు. బడిపిల్లల ఎక్కాల్లా ఉంటుందని కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

చక్రాలు

ఉపగ్రహం ఎటు చూడాలో తిప్పేవి రియాక్షన్ వీల్స్. పాత సీలింగ్ ఫ్యాను బేరింగు పోయే ముందు కరకరమంటుంది. అంతరిక్షంలో ఆ చప్పుడు వినపడదు. అదే వేగానికి మోటారు నిరుటికంటే ఎక్కువ కరెంటు లాగుతోందా అని చూడటమే మనకు ఉన్న చెవి. నీడలోకి, ఎండలోకి రోజుకు పదిహేనుసార్లు వెళ్లొస్తుంటే బేరింగుల్లో నూనె చిక్కబడుతూ పలచబడుతూ ఉంటుంది కాబట్టి తేడా బయటపడేదీ ఈ సీజన్లోనే. చక్రం సున్నా వేగం దాటి ఇటూ అటూ తిరిగే సందర్భాలు తగ్గించండి, అరుగుదల అక్కడే ఎక్కువ. ఒక చక్రం పోతే మిగతావాటితో ఎలా నడపాలో సిమ్యులేటర్ మీద ముందే ఒకసారి ఆడి చూడండి. క్లౌడ్‌శాట్‌కు 2017లో ఒక చక్రం పోయింది. ఆ మరుసటి ఏడు అది తోటి ఉపగ్రహాల వరుస నుంచి తప్పుకుని కింది కక్ష్యకు దిగాల్సి వచ్చింది.

సూర్యుడు కోపంగా ఉంటే

సీజన్, సౌర తుపాను కలిసి వస్తే పట్టు వేళల పట్టిక మీద నమ్మకం పెట్టుకోవద్దు. తుపానుకు పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, కింది కక్ష్యల్లో రాపిడి పెరుగుతుంది. 2022 ఫిబ్రవరిలో అప్పుడే ఎగిరిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 దాకా ఇలాగే పోయాయి. 2024 మే 10న వచ్చిన తుపాను 2003 తర్వాత అంత పెద్దది. అలాంటి వారంలో కక్ష్య లెక్కను రోజూ కొత్తగా వేయించుకోండి. పట్టుకు ముందు ఆపే కమాండును రెండు మూడు నిమిషాలు ముందుకు జరిపి పెట్టండి. పోయేది రెండు నిమిషాల డేటానే.

రేడియేషన్ ఎక్కువగా ఉండే దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు సున్నితమైన పరికరాల మీద ఒక కన్నేసి ఉంచాలి. లేజర్‌తో మేఘాల్ని, గాలిలోని ధూళిని కొలిచిన క్యాలిప్సో ఉపగ్రహంలో లేజర్ ఉన్న డబ్బాలో ఒత్తిడి తగ్గిపోతూ వచ్చాక, అక్కడే దాని పల్సులు బలహీనపడేవి. అయితే ఆ ఉపగ్రహంలో రెండు లేజర్లు ఉండేవి. మొదటిది ఒత్తిడి కోల్పోతుంటే అది చచ్చేదాకా వాడకుండా, 2009 మార్చిలో రెండోదానికి మారారు. స్పేరు ఉన్నప్పుడు దాన్ని ఎప్పుడు తీయాలన్నది మీ చేతిలో ఉండగానే తీయాలి.

కింద ఉన్నది కూడా ముసలిదే

అందరూ పైకి చూస్తారు, కింద చూడరు. ఇరవై ఏళ్ల ఉపగ్రహం కమాండ్లు ఇరవై ఏళ్ల కంప్యూటర్ మీదే నడుస్తుంటాయి. ఆ హార్డ్ డిస్క్ బజారులో దొరకదు. నాసా వాళ్ల ఇమేజ్ ఉపగ్రహం 2005 డిసెంబర్‌లో మూగబోయింది. నీడకాలంలో కరెంటు పోయి రీసెట్ అవుతుందేమోనని 2007లో ఆశపడ్డారు, అప్పుడు ఏమీ వినపడలేదు. 2018 జనవరిలో కెనడాలో ఒక ఔత్సాహికుడు ఇంకేదో ఉపగ్రహం కోసం వెతుకుతుంటే దీని సిగ్నల్ దొరికింది. ఉపగ్రహం లేచి కూర్చుంది కానీ, దానితో మాట్లాడే కంప్యూటర్లు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు అప్పటికే కాలం చెల్లిపోయాయి. పాత సాఫ్ట్‌వేర్‌ను తవ్వి తీసి కొత్త యంత్రాలకు సరిపెట్టాల్సి వచ్చింది.

కాబట్టి ఏప్రిల్‌లో రెండు పనులు చేయండి. బ్యాకప్ కంప్యూటర్‌ను నిజంగా ఆన్ చేసి దాంతో ఒక పాస్, అంటే ఉపగ్రహం మన యాంటెన్నాకు కనిపించే ఆ కాసేపు, నడపండి. రిటైరైన పెద్దాయన ఎవరైనా ఉంటే ఇంటికి వెళ్లి కాఫీ తాగుతూ అడగండి, ‘సార్, ఆ మూడో హీటర్‌ను ఎప్పుడూ రెండో హీటర్ తర్వాతే ఎందుకు వేసేవారు?’ అని. జవాబు ఏ మాన్యువల్లోనూ ఉండదు. సీజన్ మొదలయ్యాక కొత్త సాఫ్ట్‌వేర్ పైకి పంపడం పూర్తిగా బంద్. ఎంత మంచి మార్పయినా ఆగస్టు దాకా ఆగాలి.

ఇంధనం మీద ఆశ పడొద్దు

ట్యాంకులో ఇంధనం ఉంది కదా, ఇంకో రెండేళ్లు కొలుద్దాం అనిపిస్తుంది. అది కొలతలకు దాచిన ఇంధనం కాదు, దించడానికి దాచినది. శ్రీహరికోట నుంచి 2011 అక్టోబర్ 12న ఎగిరిన మేఘా ట్రాపిక్స్‌ను ఇస్రో, ఫ్రాన్స్ కలిసి మూడేళ్లకని పంపాయి. వాననీటిని కొలిచే ముఖ్యమైన పరికరం 2013లోనే ఆగిపోయినా, మిగిలినవాటితో 2021 దాకా పనికొచ్చింది. 867 కిలోమీటర్ల ఎత్తున వదిలేస్తే వందేళ్లకు పైగా అక్కడే తిరిగేది. మిగిలిన ఇంధనంలో 120 కిలోల దాకా ఖర్చు పెట్టి, 2022 ఆగస్టు నుంచి ఇరవైసార్లు మెట్టు మెట్టుగా దించి, 2023 మార్చి 7న పసిఫిక్ మీద కాల్చేశారు. యూరప్ వాళ్ల ఎన్విశాట్ మాత్రం పదేళ్లు గొప్పగా పనిచేసి 2012 ఏప్రిల్‌లో ఒక్కసారిగా మూగబోయింది. ఎనిమిది టన్నుల ఆ శరీరం ఇప్పటికీ పైనే తిరుగుతోంది. ఏటా సీజన్‌కు ముందు ఇంధనం లెక్క రెండు పద్ధతుల్లో వేయండి: ఇప్పటిదాకా మండించిన సమయాన్ని బట్టి ఒకటి, ట్యాంకు ఒత్తిడి, ఉష్ణోగ్రతలను బట్టి ఇంకొకటి. రెంటిలో తక్కువ వచ్చినదాన్నే నమ్మండి.

ఆగస్టు రెండో వారంలో ఆఖరి నీడ దాటాక అందరికీ హమ్మయ్య అనిపిస్తుంది. అప్పుడే అన్నీ ఒకేసారి ఆన్ చేయకండి. ముందు బ్యాటరీని నిండనివ్వండి, ఒక్కొక్క హీటర్, తర్వాత ఒక్కొక్క పరికరం, మధ్యలో కనీసం ఒక పాస్ విరామం. ఆ మూడు నెలల ఓల్టేజి గ్రాఫుకు సరిగా పేరు పెట్టి రెండు చోట్ల దాచండి. వచ్చే మే నెలలో ‘నిరుడు ఇదే తేదీన’ అని వెతికేటప్పుడు మొదట తెరిచేది అదే.