జీఆర్ఈ క్వాంట్‌లో స్కోరు కదలకపోతే: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

విదేశాల్లో పీజీ ప్రవేశానికి రాసే జీఆర్ఈ పరీక్షలో గణిత భాగమే క్వాంట్. దాని మాక్ టెస్టుల్లో స్కోరు ఒకేచోట ఆగిపోగానే చాలామంది సూత్రాలన్నీ మొదటినుంచి తిరగేస్తారు. అంతకంటే ముందు, తప్పిన ప్రశ్నలను మరునాడు జవాబు చూడకుండా, గడియారం పెట్టుకోకుండా మళ్లీ చేయాలి. అప్పుడు కూడా రాకపోతే ఆ అధ్యాయం నేర్చుకోవలసిందే. తేలికగా వచ్చేస్తే మాత్రం లోపం గణితంలో లేదు, కింద చెప్పిన వాటిలో ఏదో ఒకదానిలో ఉంది.

సమస్య: రెండు రాశులను పోల్చే ప్రశ్నలు సులువుగా కనిపిస్తూనే తప్పుతున్నాయి.

చరరాశి అనగానే ఒకే రకం సంఖ్యను వేసి చూసి ఆగిపోవడం దీనికి ప్రధాన కారణం. ఎక్స్ విలువ 1 కంటే తక్కువ అని చెప్పి, ఎక్స్ వర్గాన్ని ఎక్స్‌తో పోల్చమన్నారనుకుందాం. 1/2 వేస్తే వర్గం 1/4 అవుతుంది కనుక ఎక్స్ పెద్దదని తేలుతుంది. కానీ -2 వేస్తే వర్గం 4 అయి అదే పెద్దదవుతుంది, 0 వేస్తే రెండూ సమానమవుతాయి. కాబట్టి జవాబు నాలుగో ఆప్షన్, అంటే ఇచ్చిన సమాచారంతో తేల్చలేమన్నది.

పరిష్కారం: మొదటి విలువతో ఒక జవాబు వచ్చాక, రెండో విలువను ఆ జవాబును చెడగొట్టాలనే ఉద్దేశంతోనే ఎంచుకోవాలి. సున్నా, 1, భిన్నం, రుణసంఖ్య, వీటిలో ప్రశ్న అనుమతించిన ప్రతిదాన్నీ వేసి చూడాలి. రెండు వైపులా చరరాశులు లేని స్థిరసంఖ్యలే ఉంటే నాలుగో ఆప్షన్‌ను వెంటనే కొట్టేయవచ్చు. రేఖాగణిత పటాన్ని కంటితో కొలిచి నమ్మడం కూడా ఈ కోవలోని పొరపాటే. గ్రాఫులు కొలత ప్రకారం గీస్తారు గానీ ఆ పటాలు అలా ఉండాలని లేదు.

సమస్య: సమయం చాలడం లేదు.

మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండో సెక్షన్‌లో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు ఇస్తారు, అంటే ప్రశ్నకు సుమారు 1 నిమిషం 45 సెకన్లు. మొదటి సెక్షన్ ఫలితాన్ని బట్టి రెండోదాని కఠినత మారుతుందన్న భయంతో, ఆరంభంలోనే ఒక మొండి ప్రశ్నను పట్టుకుని నాలుగైదు నిమిషాలు పోగొట్టుకునేవారే ఎక్కువ. రెండు నిమిషాలు దాటితే ఏదో ఒక జవాబు గుర్తించి, మార్క్ చేసి ముందుకు సాగాలి. అదే సెక్షన్‌లో వెనక్కి రావచ్చు, తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. తెరమీది కాలిక్యులేటర్ కూడా సమయాన్ని తింటుంది. ఆప్షన్లు దూరదూరంగా ఉన్నప్పుడు 403లో 19.8 శాతమెంతో లెక్కించనక్కరలేదు, 400లో ఐదో వంతు 80 అనుకుంటే చాలు.

సమస్య: లెక్క సరిగ్గానే చేసినా జవాబు తప్పుతోంది.

అడిగినదాన్ని చివరిదాకా చదవకపోవడమే ఇక్కడి కారణం. సరైన ఆప్షన్లన్నీ గుర్తించమన్న ప్రశ్నలో ఒక్కటి వదిలినా మార్కు రాదు. సంఖ్యను టైపు చేయవలసిన ప్రశ్నలో ఆప్షన్లే ఉండవు కనుక, శాతం అడిగితే దశాంశం వేసినా హెచ్చరించేదేమీ ఉండదు. లెక్క మొదలుపెట్టే ముందే అడిగిన రాశినీ దాని ప్రమాణాన్నీ చిత్తుకాగితం మీద రాసుకుని, జవాబు ఇచ్చేముందు ఆ వరుసను ఒకసారి చూసుకోవాలి.